ఆల్టో వరసలో అమ్మ, బెంచీ మీద అమ్మమ్మ

పోయిన చలికాలం ఆటవా వెళ్ళినప్పుడు నా స్నేహితురాలు నన్ను గోడలెక్కే జిమ్‌కి తీసుకెళ్ళింది. నడుముకి తాడు కడతారు. ఆ తాడు రెండో కొస పట్టుకుని స్నేహితురాలు కింద నిలబడుతుంది. మనం రంగురంగుల ప్లాస్టిక్ రాళ్ళు పట్టుకుని పైకి ఎక్కాలి, ఎక్కాక దిగిపోవాలి. దీనికి ఎదురు డబ్బు కూడా కట్టాలి. సగం ఎక్కాక చెయ్యి జారి గాలిలో వేలాడుతూ, చేసేదేమీ లేక పైకి చూశాను. నల్లటి చెక్క దూలాలు, వాటి కింద పొడుగాటి రంగుటద్దాల కిటికీ, అందులో గొర్రెపిల్లని ఎత్తుకున్న మనిషి. ఆ గొర్రెపిల్లని నేనెరుగుదును. దాని ఎడమ చెవి ఎప్పుడో పగిలితే ఎవరో అక్కడ మామూలు గాజుముక్క అతికించారు. చిన్నప్పుడు గంటలకొద్దీ ఆ చెవినే చూస్తూ కూర్చున్నాను. ఇది ఒకప్పటి చర్చి. దాన్ని అమ్మేశారని విన్నాను గానీ, కొన్నవాళ్ళు నన్నే అందులో వేలాడదీస్తారని అనుకోలేదు. సరిగ్గా నా పాదాల కింద, ఇప్పుడు నీలం పరుపులు పరిచిన చోట, మా అమ్మ నిలబడి పాడేది. "ఏంటే, భయమేస్తోందా?" అని కిందనుంచి కేక. జ్ఞాపకాలొస్తున్నాయని చెబితే నవ్వుతూ తాడు వదిలేస్తుందేమోనని, అవునన్నాను.

మా అమ్మ సరళ ఒక ఛాంబర్ క్వయర్‌లో పాడేది. వాయిద్యాలేవీ లేకుండా, పదహారు మంది జీతం తీసుకుని నాలుగు గొంతుల్లో పాడే చిన్న బృందం అది. పైస్థాయి ఆడగొంతులు సొప్రానోలు. కచేరీ అయ్యాక జనం కారు దాకా కూనిరాగం తీసుకుంటూ వెళ్ళేది వాళ్ళ పాటనే. మగవాళ్ళలో పైగొంతులు, కిందిగొంతులు వేరే ఉంటాయి. వీళ్ళందరి మధ్యలో ఇరుక్కుని ఉండే కిందిస్థాయి ఆడగొంతులు ఆల్టోలు. అమ్మ ఆల్టో. ఆల్టోలు లేకపోతే పాటలో ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది, తగ్గిందేమిటో మాత్రం ఎవరూ చెప్పలేరు. వాళ్ళ కచేరీలకి వచ్చేవాళ్ళు తక్కువ, వచ్చినవాళ్ళలో దగ్గేవాళ్ళు ఎక్కువ. అందుకని బృందానికి ఉన్న పేరంతా రికార్డింగుల మీదే వచ్చింది. చలికాలంలో ఆ చర్చిని అద్దెకి తీసుకుని, మైకులు పెట్టి, ఒక్కో పాటనీ నచ్చేదాకా పాడి, సీడీ చేసేవారు. మా నాన్నది ఆటవా శివార్లలోని కనాటాలో టెలికాం ఉద్యోగం. ఫోన్లో మనుషుల మాటలని నలిపి, తక్కువ జాగాలో కుక్కి పంపే సాఫ్ట్‌వేర్ రాసేవాడు. అంటే నాన్న పని గొంతుల్ని చిన్నవి చేయడం, అమ్మ పని తన గొంతు విడిగా వినపడకుండా చేయడం. మా ఇంట్లో గొంతు పెంచేది నేనొక్కదాన్నే, అదీ ఇంగ్లీషులో.

కనాటాలో మా ఇంటికి రెండు వాసనలుండేవి. ఒకటి అమ్మ గొంతుకి పట్టే ఆవిరిది, పసుపూ తులసీ వేసిన మరిగే నీళ్ళ వాసన. రెండోది తాలింపుది. మొదటిది ఇంట్లో ఉండాలి, రెండోది ఉండకూడదు. ఇంగువ పడే ముందు అమ్మ "కోట్లు" అని ఒక్క మాట అనేది. నేనూ నాన్నా లేచి, హాల్లో తగిలించిన చలికోట్లన్నీ మోసుకెళ్ళి గరాజ్‌లో కారు మీద పడేసి, వంటింటి వైపు తలుపులన్నీ మూసి, అప్పుడు "ఊఁ" అనేవాళ్ళం. అప్పుడు ఆవాలు చిటపటలాడేవి. పదహారు మంది భుజానికి భుజం ఆనించి నిలబడే చోట ఒక్కళ్ళ కోటు మాత్రం పప్పుచారు వాసన వేస్తే బృందగానం దెబ్బతింటుందని అమ్మ నమ్మకం. ఇంతా చేస్తే మైనస్ ఇరవైలో గరాజ్‌లో గడ్డకట్టిన కోటు వేసుకున్నప్పుడు పాటకంటే ముందు పళ్ళు తాళం వేసేవి.

వంట చేస్తూ అమ్మ తన వరస సాధన చేసేది. ఆల్టో వరసంటే విడిగా వింటే పాటలా ఉండదు. ఒకే స్వరం మీద చాలాసేపు నిలబడుతుంది, విసుగొచ్చి అరమెట్టు పైకెక్కుతుంది, చేసిన పనికి భయపడినట్టు మళ్ళీ దిగొస్తుంది. నేను అవే పాటలనుకుని పెరిగాను. నాకు ఆరేడేళ్ళప్పుడు మొదటిసారి కచేరీకి తీసుకెళ్తే, మా వంటింటి పాటని ఆల్టోలు నలుగురూ తప్ప మిగతా పన్నెండు మందీ తప్పు పాడుతున్నారని నాన్నకి ఫిర్యాదు చేశానట. నాన్న కూడా నిజమేనేమో అన్నట్టు తలూపాడట. ఆయనకి సంగీతంలో ఉన్న ప్రవేశం అంతే.

అమ్మకి చిన్నప్పుడు వచ్చింది కర్ణాటక సంగీతం. నేర్పింది మా అమ్మమ్మ. విజయనగరంలో పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి, తాతగారు పోయాక కూడా ఆపకుండా, వీధి గదిలో పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. అమ్మ కెనడా వచ్చిన కొత్తలో చలికాలం గడవక పక్కవీధి క్వయర్‌లో చేరింది. అక్కడినుంచి ఎవరో ఈ జీతాల బృందం పరీక్షకి పంపారు. నొటేషన్ కాగితాల మీద చుక్కల కింద పెన్సిల్‌తో తెలుగులో స రి గ మలు రాసుకుని నేర్చుకుంది. అది సులువే. కష్టం ఏమిటంటే స్వరాన్ని కదలకుండా నిలబెట్టడం. గమకం లేకుండా పాడమంటే మా వాళ్ళని చేతులు ఊపకుండా మాట్లాడమన్నట్టే. బృందాన్ని నడిపించే హెలెన్ గారు అమ్మ గొంతు వణికినప్పుడల్లా చెయ్యి ఎత్తి గాలిలో ఒక గీత గీసేది. ఆ గీత మీద నడవడానికి అమ్మకి ఏడాదికి పైనే పట్టింది. ఆ ఏడాది అమ్మ నన్ను తిట్టేటప్పుడు కూడా ఒకే స్వరం మీద తిట్టేది. మామూలు తిట్ల కంటే అవి ఎక్కువ భయంగా ఉండేవి.

నేను ఏడో క్లాసులో ఉండగా అమ్మమ్మ మా ఇంటికి వచ్చింది. ఎండాకాలం చివర వచ్చి, చలికాలం మధ్యలో వెళ్ళేలా టిక్కెట్టు. అమ్మమ్మ తెల్లవారకుండా లేచి, ముతక శాలువా కప్పుకుని, గదిలోకి వేడిగాలి వదిలే హీటింగ్ గ్రిల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, దాంట్లోంచి వచ్చే హోరు ఏ శ్రుతిలో ఉందో కనిపెట్టేది. నెలాఖరుకి హోరు శ్రుతి తగ్గిందని, ఫిల్టర్ మార్చమని నాన్నకి చెప్పింది. మార్చాల్సిన సమయమే అయింది. అమ్మమ్మ ఏ పాట విన్నా ఊరకే వినేది కాదు. కుడిచెయ్యి తొడమీద తాళం వేస్తూనే ఉండేది. పాడేవాళ్ళు మంచి చోట దిగితే కళ్ళు మూసుకుని "భేష్" అనేది. విని ఊరుకోవడమంటే భోజనం చేసి చెయ్యి కడుక్కోకుండా వెళ్ళిపోవడంలాంటిదని ఆవిడ లెక్క. పక్కింటి పిల్లలకి అన్నది, రేడియోకి అన్నది, ఒకసారి కుక్కర్ విజిల్ సరిగ్గా షడ్జమం మీద కూసిందని దానికీ అన్నదట. అమ్మకి మాత్రం జన్మలో అనలేదు. కన్నకూతుర్ని మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని కారణం. ఇది అమ్మ నాకు నవ్వుతూనే చెప్పింది. కుక్కర్ సంగతి దగ్గర మాత్రం నవ్వలేదు.

వచ్చిన వారంలోనే అమ్మ తన సీడీలన్నీ తీసి ఒకటి పెట్టింది. అమ్మమ్మ కళ్ళు మూసుకుని విన్నది. తాళం వెయ్యబోయి, చెయ్యి ఎక్కడ దించాలో తెలియక, మోకాలు నిమురుకుంటూ కూర్చుంది. పాట అయ్యాక అడిగింది.

"బాగానే ఉంది గానీ, ఇందులో నువ్వెక్కడే?"

అమ్మ మళ్ళీ పెట్టి, తన వరస మెల్లిగా పాడుతూ, ఇదిగో ఇక్కడ, ఇదిగో దీని కింద, అని చూపించింది. అమ్మమ్మ చెవి ముందుకు పెట్టింది. "ఊహూఁ" అంది. మూడోసారి పెట్టారు. నాన్న తన ఆఫీసు హెడ్‌ఫోన్స్ తెచ్చి అమ్మమ్మ తలకి తగిలించాడు. ఆవిడ వాటిలో విమానం నడిపేవాళ్ళలా కాసేపు కూర్చుని, తీసేసి, పెళ్ళి ఫోటోలో వెనకవరసలో నిలబడి తల వంచుకున్నట్టుందని తేల్చింది. ఇన్నేళ్ళు నేర్పిన గొంతు ఎవరికీ వినపడకుండా పాడటానికి జీతమిస్తున్నారంటే ఈ దేశం చాలా ధనవంతమైన దేశం అయ్యుండాలని కూడా అంది. అమ్మ సీడీ తీసి పెట్టెలో పెట్టేసి, "కోట్లు" అంది. ఆ పూట తాలింపు ఏమీ లేదు. అయినా నేనూ నాన్నా మోసుకెళ్ళాం.

ఆ సంవత్సరం కొత్త రికార్డింగులో చివరి పాటకి ఒక ఆల్టో విడిగా పాడే చిన్న ముక్క ఉంది. అమ్మ ఎప్పుడూ అలాంటివాటికి పేరివ్వలేదు. ఈసారి ఇచ్చింది. రికార్డింగు అమ్మమ్మ ప్రయాణానికి ముందు వారం. కచేరీ వసంతంలో, అప్పటికి అమ్మమ్మ ఉండదు. అమ్మమ్మ ఆరోగ్యానికి అంతదూరం మళ్ళీ రావడం కష్టమని డాక్టరు ముందే చెప్పాడు. తన తల్లి చెవిన తన గొంతు పడాలంటే ఆ ముక్క తప్ప అమ్మకి దారి లేదు. హెలెన్ గారు దాన్ని జోన్ అనే ఇంకో ఆల్టోకి ఇచ్చింది. జోన్ గొంతు నిజంగానే దానికి సరిపోయిందని అమ్మే ఒప్పుకుంది. ఒప్పుకుని, ఆ తర్వాత నుంచి రిహార్సల్స్‌లో మిగతా పాటలన్నీ కాస్త గట్టిగా పాడటం మొదలుపెట్టింది. మరీ ఎక్కువేం కాదు. సీడీలో వెతికే ముసలి చెవికి అందేంత. కానీ హెలెన్ గారి చెవి ముసలిది కాదు.

ఆ సంగతి ఒక రాత్రి భోజనాల దగ్గర బయటపడింది. అమ్మ అన్నం కలుపుతూ, కలిపింది తినకుండా చెప్పింది. రిహార్సల్ అయ్యాక హెలెన్ గారు పక్కకి పిలిచి, ఎంతో మర్యాదగా, "సరళా, ఈ మధ్య నువ్వు వినపడుతున్నావు" అన్నదట. ఇలాగే ఉంటే రికార్డింగుకి వేరే మనిషిని పిలవాల్సొస్తుందని కూడా అన్నదట. అమ్మమ్మకి విషయం అర్థం కాలేదు. వినపడుతున్నావంటే మంచిమాటే కదా, దానికి అన్నం మానెయ్యడమెందుకు అంది. నాన్న కలగజేసుకుని, సిగ్నల్ అంటే ఏమిటో, నాయిస్ అంటే ఏమిటో, ఒకళ్ళ సిగ్నల్ పక్కవాళ్ళకి నాయిస్ ఎలా అవుతుందో పెరుగు గిన్నె, ఆవకాయ సీసా పక్కపక్కన పెట్టి వివరించాడు. ఇద్దరూ ఒకేసారి ఆయన వైపు చూశారు. ఆయన గిన్నెలు యథాస్థానంలో పెట్టేశాడు. తల్లీకూతుళ్ళ మధ్య ఆ పూట కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

తర్వాత చాలా రోజులు అమ్మ వంటింట్లో సాధన చేయలేదు. కింద బేస్‌మెంట్‌లో, వాషింగ్ మెషీన్ పక్కన చేసుకునేది. అమ్మమ్మ మెట్ల పైన కుర్చీ వేసుకుని వినేది. అడిగితే, గ్రిల్‌లో వేడి తగ్గింది, అక్కడైతే వెచ్చగా ఉందని చెప్పేది. ఆ మెట్లంత చల్లటి చోటు మా ఇంట్లో ఇంకోటి లేదు. రికార్డింగుకి ముందు రోజు సాయంత్రం అమ్మ పైకొచ్చి, కుర్చీ ముందు నిలబడి చెప్పింది.

"అమ్మా, రేపు నేను వినపడను. వినపడితే నా ఉద్యోగం పోయినట్టే. హెలెన్‌ని అడిగాను, నువ్వొచ్చి కూర్చోవచ్చంది. ఇష్టమైతే రా, లేకపోతే లేదు."

అమ్మమ్మ శాలువా సర్దుకుని, "ఎన్నింటికి?" అంది.

మామూలుగా రికార్డింగుకి బయటివాళ్ళని రానివ్వరు. బయటివాళ్ళంటే శబ్దం. అమ్మమ్మ విషయంలో పెద్ద భయం ఆ తాళం. చర్చి బెంచీలు బోలు చెక్కవి, వేలితో తడితే మృదంగంలా పలికేవి. అందుకని నన్ను కూడా పంపారు. నా పని ఆవిడ పక్కన కూర్చుని రెండు చేతులూ పట్టుకోవడం. ఆ ఉదయం అందరం ఉప్మా తిన్నాం. కడుపులో చప్పుడు కాకుండా ఉండటానికి ఉప్మాని మించింది లేదని అమ్మ చాలా ఏళ్ళ అనుభవంతో తేల్చింది. గాజులు, గొలుసు, మట్టెలు తీసి డబ్బాలో పెట్టుకుంది. నాన్న లావు చలికోటు అమ్మమ్మకి వేస్తే, ఊపిరి తీసినప్పుడల్లా చిప్స్ పాకెట్లా చప్పుడు చేసింది. దాన్ని విప్పించి రెండు శాలువాలు, ఒక దుప్పటి చుట్టి తీసుకెళ్ళాం. కెనడా చలికాలంలో దుప్పటి చుట్టుకుని చర్చి మెట్లెక్కుతున్న ముసలావిడని చూసి, దారిన పోయే ఒకాయన టోపీ తీసి నమస్కారం పెట్టాడు. అమ్మమ్మ ఆశీర్వదించింది.

లోపల హీటర్ ఆపేసి ఉంది, హోరు మైకులకి వినపడుతుందని. చర్చి వంటగదిలో ఫ్రిజ్ ప్లగ్ కూడా పీకేశారు. దాన్ని మళ్ళీ పెట్టడం మరిచిపోకుండా రికార్డింగ్ చేసే డగ్ గారు తన కారు తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టేవాడు. పదహారు మందీ బూట్లు విప్పి, మందపాటి మేజోళ్ళతో చన్నీళ్ళలాంటి నేల మీద నిలబడ్డారు. అదంతా అడుగుల చప్పుడు వినపడకూడదని. అమ్మమ్మ వేరేగా అర్థం చేసుకుంది. చలిలో, చెప్పులు విడిచి, నగా నట్రా లేకుండా, ఎవరూ ఎవరితో మాట్లాడకుండా నిలబడ్డ వాళ్ళని వరసగా చూసి, నా చెవిలో "నిష్ఠగా చేస్తున్నారే" అంది. అప్పటిదాకా నా నుంచి విడిపించుకోవాలని చూస్తున్న చేతుల్ని అంతటితో బుద్ధిగా ఒళ్ళో పెట్టుకుంది. నేను మాత్రం వదల్లేదు. డ్యూటీ డ్యూటీయే.

రికార్డింగు చూడటమంత విసుగు పని ఇంకోటి లేదు. పాట మొదలవుతుంది, మంచు తీసే ట్రాక్టర్ బయట బీప్ బీప్ అంటూ వెనక్కొస్తుంది, ఆపుతారు. మళ్ళీ మొదలవుతుంది, ఒకళ్ళ కాగితం గరగరమంటుంది, ఆపుతారు. పక్కగదిలోంచి స్పీకర్‌లో డగ్ గారి గొంతు, చాలా బాగుంది, ఇంకొక్కసారి, అంటుంది. చాలా బాగుంటే ఇంకొకసారి ఎందుకని అమ్మమ్మ నన్నడిగింది, కళ్ళతోనే. నేను గొర్రెపిల్ల చెవి చూస్తూ కూర్చున్నాను. ప్రతిసారీ అమ్మమ్మ తల కాస్త పక్కకి వంచి, ఆల్టోలు నిలబడ్డ వైపు చెవి పెట్టి, పెదవులు కదిలిస్తూ వినడం నాకు గుర్తుంది. చలికి పెదవులు వణుకుతున్నాయనుకున్నాను. అమ్మ మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అందరి చూపూ హెలెన్ గారి చేతి మీదే.

మధ్యాహ్నం దాటాక చివరి పాటకి వచ్చారు. జోన్ తన ముక్క చక్కగా పాడింది. మిగతావాళ్ళు దాన్ని అందుకుని, మెల్లిగా తగ్గుతూ, ఒక దగ్గరకి వచ్చి ఆగాలి. చాలాసార్లు పాడారు. ఏదో ఒకటి తక్కువవుతూనే ఉంది. అమ్మ ముఖం ఎర్రబడింది, చలికో మరి దేనికో. ఒకసారి మొదలుపెట్టారు, ట్రాక్టర్ రాలేదు, కాగితం కదల్లేదు. సంగీతం గురించి నాకు ఇప్పటికీ పెద్దగా తెలియదు గానీ, ఆసారి మాత్రం నా చేతిలో ఉన్న అమ్మమ్మ చేతులు ఉన్నట్టుండి బరువెక్కాయి. పాట ఆగింది. ఆ చర్చిలో గొంతులు ఆగాక కూడా వాటి ధ్వని కొంతసేపు పైన దూలాల్లో తిరిగేది. అది పూర్తిగా దిగేదాకా ఎవరూ కదలకూడదు, ఊపిరి కూడా మెల్లిగా వదలాలి. పదహారు మంది బొమ్మల్లా నిలబడ్డారు. ధ్వని దిగుతోంది, దిగుతోంది, ఇంకా కొంచెం మిగిలుంది.

"భేష్."

చేతులు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. నోటి సంగతి నాకెవరూ చెప్పలేదు.

 స్పీకర్‌లోంచి డగ్ గారు, అదేమిటో ఎవరైనా చెబుతారా అని అడిగాడు. హెలెన్ గారు అమ్మ వైపు తిరిగింది.  అమ్మ ఏడ్చిందని తర్వాత మా నాన్న అందరికీ చెప్పుకున్నాడు. ఆయన అక్కడ లేడు. నేనున్నాను. ముక్కు చీదింది, అంతే, హీటర్ ఆపేశారు కదా. అమ్మమ్మకి జరిగిన దానిలో తప్పేమీ కనపడలేదు. అందరూ తన వైపే చూస్తుంటే, ఇంత బాగా పాడాక ఒక్కరూ నోరు విప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుందని నన్నే కోప్పడింది. ఏమంటోందని హెలెన్ గారు నన్నడిగింది. పాట ఆవిడకి నచ్చిందని చెప్పాను. అనువాదంలో నా మొదటి, ఆఖరి ఉద్యోగం అది. హెలెన్ గారు అమ్మమ్మకి తల వంచి థాంక్స్ చెప్పి, మళ్ళీ ఒకసారి పాడించింది. ఈసారి అమ్మమ్మ నోటి మీద తనే శాలువా చెంగు పెట్టుకుంది. ఆ పాడింది బాగాలేదని బెంచీకి కూడా తెలిసిపోయింది.

ఇంటికి వెళ్ళే దారిలో హైవే మీద సన్నగా మంచు పడుతోంది. అమ్మ డ్రైవ్ చేస్తోంది. అమ్మమ్మ ముందు సీట్లో, దుప్పటితో సహా.  కొంతదూరం వెళ్ళాక అమ్మే, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా అడిగింది.

"అమ్మా, ఇందాక ఎవరికన్నావు?"

"ఎవరికేమిటే, పాటకి."

"నేను బాగా పాడాననా?"

"నువ్వు పాడావో లేదో నాకేం తెలుసు?" అంది అమ్మమ్మ. "నీ వరస నాకు కంఠతా వచ్చేసింది, ఇన్నాళ్ళూ మెట్ల మీద కూర్చుని వింటున్నాగా. పొద్దుట్నించీ దాన్ని పట్టుకునే వెతికాను. ప్రతిసారీ దొరికావు. అదిగో మా సరళ, అదిగో, అనుకుంటూనే ఉన్నా. ఆసారి ఎంత వెతికినా నువ్వు దొరకలేదే. అందుకన్నాను."

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. హైవే నుంచి మా ఇంటివైపు దిగే ఎగ్జిట్ వచ్చింది, దాటిపోయింది. ఎగ్జిట్ దాటేశావని నేను వెనక సీట్లోంచి చెప్పాను. "తెలుసు" అంది అమ్మ. తెలియదని ఆ గొంతు వింటేనే తెలుస్తుంది. తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్ళి, తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ చాలాసేపట్లో అమ్మమ్మ మాట్లాడింది ఒక్కసారే, ఇంట్లో చారు ఉందా, పెట్టాలా అని.

అమ్మమ్మ తర్వాతి వారం వెళ్ళిపోయింది. డగ్ గారు ఆ పాటలన్నీ విని, ముక్కలు ముక్కలుగా అతికించి చూసి, చివరి పాటకి మాత్రం భేష్ పడ్డ టేకే వాడాడు. మిగతావేవీ దాని దరిదాపులకి రాలేదట. ధ్వని పూర్తిగా దిగకముందే, మాట మొదలయ్యే చోట కత్తిరించేశాడు. కత్తిరించని ఫైల్ ఉంచమంటావా అని అమ్మకి ఫోన్ చేసి అడిగాడు. వద్దంది. ఎందుకొద్దన్నావని నేను దెబ్బలాడాను. నాకైతే ఆ వయసులో కూడా అది బంగారంలాంటి ఫైల్ అని తెలుసు, స్కూల్లో అందరికీ వినిపించి నవ్వించవచ్చు. అమ్మ మాత్రం, అది రికార్డింగుకి అన్న మాట కాదులే అని ఊరుకుంది. సీడీ తయారై విజయనగరం చేరాక అమ్మమ్మ ఫోన్ చేసింది. అంతా బాగుంది గానీ చివర ఎవరో తొందరపడి ఆపేశారు, ఎవరది, నువ్వేనా, అని అడిగింది. అమ్మ కాదనలేదు, చూసుకుంటానంది. ఫోన్ పెట్టేశాక నేనూ అమ్మా వంటింట్లో నేల మీద కూర్చుని నవ్వాం. నాన్న కూడా నవ్వాడు, కారణం తర్వాత అడిగి తెలుసుకున్నాడు.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. బృందమూ లేదు, హెలెన్ గారు రిటైరయ్యాక కొన్నేళ్ళు నడిచి ఆగిపోయింది. నేను మాంట్రియల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా ఆఫీసులో మనం నోరు విప్పి వాక్యం పూర్తి చేసేలోపే తెరమీద నాలుగు చప్పట్ల బొమ్మలు, రెండు గుండెలు పడతాయి. పొద్దుట కాఫీ మెషీన్ బాగుచేశానని రాసినందుకు నాకు వచ్చినన్ని గుండెలు మా అమ్మకి బృందంలో పాడిన ఇరవై ఏళ్ళలో రాలేదు. మెచ్చుకోవడం ఇంత చవకైన రోజుల్లో, ఒక్క మాటకోసం నలభై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి ఉందని చెబితే, మా టీమ్‌లో వాళ్ళు ఆ మాట యాప్‌లో ఎందుకు పెట్టలేదని అడుగుతారు. జిమ్ నుంచి వచ్చిన రాత్రి నేనూ ఒక పని చేశాను. కలిసిపోయిన గొంతుల్ని దేనికది విడదీసే కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే, అందులో ఆ చివరి పాట వేసి, అమ్మని వెతికి పెట్టమన్నాను. సొప్రానోలని తీసింది. మగగొంతుల్ని తీసింది. జోన్‌ని ఆ చిన్న ముక్కలో చక్కగా పట్టుకుంది. మిగిలిన ఆల్టోలని ఒకే ముద్దగా ఇచ్చి, ఇంతకంటే నా వల్ల కాదంది. మర్నాడు అమ్మకి ఫోన్ చేసి, ఇంత పెద్ద కంప్యూటర్ కూడా నిన్ను పట్టుకోలేకపోయిందని చెప్పాను. ఓదారుద్దామని చేసిన ఫోన్ అది.

"దొరకలేదా?" అంది అమ్మ. ఆ గొంతులో సంతోషం విని, రెండోసారి ప్రయత్నిద్దామనుకున్నది మానేశాను.

కనాటా వెళ్ళినప్పుడల్లా చూస్తుంటాను. అమ్మ ఇప్పుడు వంట చేస్తూ ఆ పాత రికార్డింగులు ఫోన్లో వింటుంది. ఫోన్లో పాటకీ పాటకీ మధ్య సందు ఉండదు, ఒకటి అవగానే వెంటపడి ఇంకోటి వచ్చేస్తుంది. ఆ చివరి పాట అవుతుండగా మాత్రం అమ్మ గరిటె కింద పెడుతుంది. తడిచేతి మణికట్టుతో ఫోన్ ఆపుతుంది. డగ్ గారు కత్తిరించిన చోట, ఇంకా కాస్త ధ్వని మిగిలి ఉండగానే పాట ఆగిపోతుంది. అమ్మ పొయ్యి వైపు చూస్తూ నిలబడుతుంది, ఒక్క మాట పట్టేంతసేపు. తర్వాత మణికట్టుతోనే మళ్ళీ నొక్కి, గరిటె తీసుకుంటుంది. ఆ ఖాళీలో జోకు వెయ్యడానికి నాకు చాలాసార్లు అవకాశం వచ్చింది. ఇంతవరకూ వెయ్యలేదు.